తిరిగే కర్ర, కరిగే లక్క

ఏటికొప్పాక బొంగరాన్ని ఒకదాన్ని వెలుతురులో పట్టుకుని నిదానంగా చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు తీగ లాగినంత తిన్నగా ఉంటాయి. ఎక్కడా కుంచె జాడ కనబడదు, రంగు కారిన చుక్క ఉండదు. ఆ రంగును ఎవరూ పూయలేదు మరి. కర్ర గిరగిరా తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి అదిమారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రలోని సన్నని రంధ్రాల్లోకి దిగింది. కర్ర తిరగడం వల్లే ఉలి దానికి ఆకారం తీసింది, కర్ర తిరగడం వల్లే రంగూ ఎక్కింది. రంగు ఎక్కించేటప్పుడు నిప్పు లేదు, పాత్ర లేదు, ద్రావకం లేదు. ఇంత పొదుపైన సాంకేతిక విద్య మన పక్క ఊళ్లోనే ఉంది. దాని లోపలి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మన బడిపిల్లల చేతికి ఇంకా అందకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఈ అధ్యాయం అందుకే.

తునిలో బయల్దేరి తాండవ నది వంతెన దాటితే పాయకరావుపేట. అక్కడి నుంచి జాతీయ రహదారి మీద యలమంచిలి వైపు సాగితే నక్కపల్లి తగులుతుంది. లక్క బొమ్మలకు అదీ పాత ఊరే. ఆ పైన రహదారి వదిలి పక్కకు తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. లక్కపిడతలు, గిలక్కాయలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు ఇక్కడ తరతరాలుగా తయారవుతున్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వీధిలో ఊరేగినవీ ఈ బొమ్మలే.

ఈ పనికి వాడేది అంకుడు కర్ర. శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. గన్నేరు, నందివర్ధనం ఉన్న కుటుంబానికే చెందిన చెట్టు. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. సన్నని జంట కాయలు వేలాడతాయి. ఈ చెట్టుకు మన జిల్లాలతో ఒక పాత శాస్త్ర సంబంధం ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో తునికి దిగువన ఉన్న సామర్లకోటలో తోట పెంచి మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్, అంకుడు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని వివరంగా వర్ణించాడు. ఆకులో నీలం, కాండంలో దంతం లాంటి తెలుపు: ఒకే చెట్టులో ఈ రెండూ ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

బొమ్మలవాళ్లకు కావలసింది ఆ తెలుపే. టేకులో వాన రుతువు పెరుగుదలకూ ఎండ రుతువు పెరుగుదలకూ మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక వలయంలో పెద్ద రంధ్రాలు, దాని పక్కన గట్టి నార. అంకుడులో రంధ్రాలు చాలా చిన్నవి, కర్ర అంతటా దాదాపు సమంగా పరుచుకుని ఉంటాయి. కాబట్టి ఉలికి ఒకచోట మెత్తగా, ఇంకొకచోట గట్టిగా తగలదు. లక్కపిడతల్లో చిటికెన వేలి గోరంత గరిటె కాడను విరగకుండా తీయగలగడం చేతి నేర్పుతో పాటు ఈ సమానత్వం వల్ల కూడా. పైగా తెల్లని నేల మీద పసుపు పసుపుగానే కనిపిస్తుంది. అదే టేకు మీద వేస్తే మట్టిరంగు కలిసిపోతుంది.

ఇక తిప్పడం సంగతి. పాత తరిమెనకు, అంటే కర్రను తిప్పే యంత్రానికి, మోటారు లేదు. కర్రకు తాడు చుట్టి, ఒక మనిషి అటూ ఇటూ లాగితే కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరిగేది. ఎదుట కూర్చున్న పనివాడు కర్ర తనవైపు వచ్చేటప్పుడు మాత్రమే ఉలి ఆనించి, వెనక్కు తిరిగేటప్పుడు కొద్దిగా ఎత్తి పట్టుకోవాలి. అంటే సగం కాలమే కోత. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడ మీద సరిగ్గా ఇలాంటి పని చెక్కి ఉంది: ఒకడు పట్టీ లాగుతున్నాడు, ఒకడు ఉలి పట్టాడు.

మన దేశంలో ఈ పనికి దొరికే పాత ఆధారాల్లో ఒకటి ఎవరూ ఊహించని చోట ఉంది. పాళీ భాషలోని మహాసతిపట్ఠాన సుత్తం శ్వాస మీద ధ్యాస నిలపడం ఎలాగో చెబుతూ తరిమెనవాడిని ఉపమానంగా తెస్తుంది. నేర్పరి అయిన పనివాడు గానీ అతని శిష్యుడు గానీ పొడుగ్గా లాగినప్పుడు పొడుగ్గా లాగుతున్నానని, పొట్టిగా లాగినప్పుడు పొట్టిగా లాగుతున్నానని ఎరిగి లాగినట్టే భిక్షువు తన ఊపిరిని ఎరగాలి అంటుంది. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ మీద బౌద్ధ భిక్షువులు నివసించిన నేల ఇది. ఈ సుత్తం ఇక్కడ చదివినప్పుడు ఆ పోలిక పుస్తకంలోది అనిపించదు. అందులో గురువు పక్కనే శిష్యుడు కూడా ఉన్నాడు చూడండి. ఈ విద్య అంత పాత కాలం నుంచీ ఒకరు చేస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదే.

తాడు పోయి మోటారు వచ్చాక కర్ర ఒకే దిక్కుకు ఆగకుండా తిరుగుతోంది. పని వేగం పెరిగింది, రెండో మనిషి అవసరం తప్పింది. కానీ కోత సూత్రం ఏమీ మారలేదు. కర్రంటే పొడవాటి సన్నని గొట్టాల కట్ట. బొంగరానికో గిలక్కాయకో కర్రను నిలువు నారతో బిగిస్తారు కాబట్టి గొట్టాలన్నీ తిరిగే ఇరుసుకు సమాంతరంగా ఉంటాయి. ఉలి లావు వైపు నుంచి సన్నం వైపుకు జారాలి. అలా జారితే తెగే ప్రతి నారకూ కింద ఇంకో నార ఆధారంగా ఉంటుంది, అది నున్నగా తెగుతుంది. సన్నం వైపు నుంచి లావు వైపుకు తోస్తే నార కొస కింద ఆధారం లేక లేచిపోతుంది, పెళుసుగా చీరుతుంది. గిన్నెలకు కర్రను అడ్డంగా బిగిస్తారు. అప్పుడు ఒక్కో చుట్టులో ఉలికి నార కొసలు రెండుసార్లు, నార పక్కలు రెండుసార్లు ఎదురవుతాయి. అడ్డనారతో తీసిన గిన్నెల్లో ఎదురెదురుగా రెండు చోట్ల గరుకు కనిపించడానికి కారణం ఇదే.

ఉలిని ఆనించే తీరులో ఉన్న రహస్యం పుస్తకంలో ఒక్క వాక్యంలో పట్టేస్తుంది, చేతికి మాత్రం నెలలు పడుతుంది. ముందు ఉలి వెనక వాలును కర్రకు తగిలించాలి. అప్పుడు అంచు కర్రను తాకదు. నెమ్మదిగా పిడిని ఎత్తుతూ పోతే ఒక కోణం దగ్గర సన్నని పొట్టు రావడం మొదలవుతుంది. ఆ కోణం దాటితే అంచు లోపలికి దిగి కర్రను పట్టేస్తుంది, కర్ర ఎగిరిపడుతుంది. ఆ కోణం దగ్గర పొట్టు పొడవుగా చుట్టలు చుట్టుకుని వస్తుంది, చప్పుడు సన్నగా మారుతుంది. కోణం తప్పితే పొట్టుకు బదులు పొడి రాలుతుంది. పనివాడు కళ్లతో ఎంత పని చేస్తాడో చెవులతోనూ అంతే పని చేస్తాడు.

ఇక్కడ వేగం లెక్క ఒకటి తెలుసుకోవాలి. యంత్రం నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే, 5 సెంటీమీటర్ల వ్యాసమున్న బొంగరం అంచు సెకనుకు సుమారు 2.6 మీటర్ల వేగంతో కదులుతుంది. అవే చుట్ల మీద 20 సెంటీమీటర్ల గిన్నె బిగిస్తే అంచు వేగం సెకనుకు పది మీటర్లు దాటుతుంది. చుట్లు మారలేదు, ప్రమాదం మారింది. అభిరుచితో ఈ పని చేసేవాళ్లు ఒక తేలిక సూత్రం పాటిస్తారు: వ్యాసాన్ని అంగుళాల్లో కొలిచి, నిమిషానికి చుట్లతో గుణిస్తే వచ్చేది 6,000 నుంచి 9,000 మధ్య ఉండాలి. పది అంగుళాల గిన్నెకు 600 నుంచి 900 చుట్లు. వేగం పెరిగే కొద్దీ కర్రను బయటికి విసిరే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. పగులున్న కర్ర బిగించి ఎదురుగా నిలబడటం అందుకే కూడదు. కండువా, పైట కొంగు, పొడుగు చేతుల చొక్కా తిరిగే కర్ర దగ్గరికి అసలే రాకూడదు.

కర్ర మీద ఉలి పెట్టకముందే తేల్చుకోవలసిన సంగతి నీరు. పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది: గొట్టాల లోపలి ఖాళీల్లో, గొట్టాల గోడల్లో. ఆరబెట్టినప్పుడు ముందు ఖాళీల్లోని నీరు పోతుంది. దానివల్ల కర్ర బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. ఎండిన కర్ర బరువులో నీరు దాదాపు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడు కర్ర కుంచించుకుంటుంది. అన్ని దిక్కులకూ ఒకేలా కుంచించుకుంటే ఇబ్బందే లేదు. పొడవునా కుంచింపు లెక్కలోకి రానంత తక్కువ. కేంద్రం నుంచి బెరడు వైపుకు కొంత. వలయాల వెంట చుట్టూ అయితే దానికి దాదాపు రెట్టింపు. మధ్యలో గుండె ఉన్న దుంగ ఆరేటప్పుడు బెరడు నుంచి నడిమికి చీలిపోవడం ఈ తేడా వల్లే. పచ్చి కర్రను గుండ్రంగా తీస్తే ఆరాక కోడిగుడ్డు వాటం తిరుగుతుంది.

మూత ఉన్న వస్తువుకు ఇది పెద్ద పరీక్ష. కర్ర ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్రలో నీరు దాదాపు 16 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 30 శాతానికి పడితే 6 శాతం దగ్గర. వానాకాలంలో తుని ప్రాంతపు గాలిలో సరిగ్గా సరిపోయేలా తీసిన కుంకుమ భరిణె వేసవిలో హైదరాబాద్ మేడ గదికి చేరితే మూత వదులైపోవచ్చు, బిగుసుకుపోనూవచ్చు. మూతలో నార ఒక దిక్కుకు, భరిణెలో ఇంకో దిక్కుకు ఉంటే ఏది ఎంత కుంచించుకుంటుందో దాన్ని బట్టి ఉంటుంది. అయిదు సెంటీమీటర్ల భరిణెలో ఈ మార్పు ఒక మిల్లీమీటరుకు దగ్గరగా పోవచ్చు. మూతకు ఉంచే సందు అంతకంటే తక్కువ. లక్క పూత తేమ రాకపోకలను నెమ్మది చేస్తుంది గానీ పూర్తిగా ఆపలేదు. అందుకే బాగా ఆరిన కర్ర కోసం కాచుకోవడం ఈ వృత్తిలో సగం పని.

ఇప్పుడు లక్క. కెర్రియా లక్కా అనే అతి చిన్న పురుగు మోదుగ, రేగు లాంటి చెట్ల లేత కొమ్మలకు గుంపులుగా అంటుకుని రసం పీలుస్తుంది. ఆడ పురుగు తన చుట్టూ ఒక జిగురు స్రవించి అందులోనే ఉండిపోతుంది. ఆ జిగురు గాలికి గట్టిపడి కొమ్మ మీద పెంకు కడుతుంది. అదే లక్క. ఒక కిలో లక్కకు లక్షల పురుగుల శ్రమ కావాలి. మన దేశంలో ఝార్ఖండ్ దీనికి పెద్ద నెలవు. 1924లో రాంచీ దగ్గర దీనికోసమే ఒక పరిశోధన సంస్థ పెట్టారు.

లక్కను ఒక సహజ ప్లాస్టిక్ అనవచ్చు. అల్యూరిటిక్ ఆమ్లం, దానితో జతకట్టిన కొన్ని వలయ నిర్మాణపు ఆమ్లాలు గొలుసులుగా అల్లుకుని ఏర్పడిన పదార్థం ఇది. 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, 80 దగ్గర పారుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. ఎక్కువసేపు వేడిలో ఉంచితే మాత్రం గొలుసులు ఒకదానికొకటి ముడిపడి, ఇక ఎంత వేడిచేసినా కరగని ముద్దగా మారుతుంది. లక్కలో రంగు పిసికేవాళ్లు బొగ్గుల సెగను అంత జాగ్రత్తగా చూసుకోవడం ఇందుకే. మన రంగస్థల పద్యాలను ఇంటింటా మోగించిన పాత 78 చుట్ల గ్రామఫోను ప్లేట్లలో అతుకు పదార్థం కూడా ఈ లక్కే.

యంత్రం మీద జరిగేది చూద్దాం. లక్క కడ్డీని ఒక కిలో బరువు మోపినంత బలంతో, అంటే సుమారు 10 న్యూటన్లతో, తిరిగే బొంగరానికి అదిమారనుకుందాం. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, సెకనుకు 2.6 మీటర్ల వేగం దగ్గర పుట్టే వేడి దాదాపు 8 వాట్లు. రాత్రి గదిలో వేసుకునే చిన్న బల్బు పాటి శక్తి. దాంతో లక్క ఎలా కరుగుతుంది? ఆ వేడి పుట్టే చోటు గోరంత. పైగా కర్ర వేడిని లోపలికి పోనివ్వదు. ఉక్కుతో పోలిస్తే కర్ర వేడిని ప్రసరింపజేసేది కొన్ని వందల రెట్లు తక్కువ. లక్క కూడా అంతే. వేడి ఎటూ పోలేక తాకిన చోటే కూడుకుని, ఆ పలుచని పొరను కరిగిస్తుంది. ఇదే పని ఇనుప కడ్డీ మీద చేస్తే వేడి లోపలికి జారిపోయి లక్క సరిగ్గా అంటదు. కర్ర చెడ్డ వాహకం కావడమే ఈ కళకు ఆయువుపట్టు.

కరిగిన లక్క మొదట ముద్దలుగా, మెట్లుగా పడుతుంది. అప్పుడు మొగలి ఆకు తీసుకుంటారు. సముద్రం దగ్గర ఇసుక నేలల్లో పెరిగే మొగలి ఆకు గట్టిది, నున్ననిది, వేడికి వెంటనే కాలిపోదు. దాన్ని తిరిగే బొమ్మకు అదిమి పట్టుకుంటే రాపిడి వేడి లక్కను మళ్లీ కరిగిస్తుంది, ఆకు దాన్ని సమంగా పరుస్తుంది. బొమ్మకు వచ్చే ఆ మెరుపు ఆకు ఇచ్చిందే. విదేశాల్లో అభిరుచిగా కర్ర తీసేవాళ్లు రాపిడి పాలిష్ పేరుతో వాడే సీసాల్లో చాలావాటిలో ఉండేదీ సారాలో కరిగించిన లక్కే. మనవాళ్లకు ఆ సారా అవసరం కూడా లేదు.

రంగుల దగ్గర ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. రసాయన రంగులు చవకగా దొరికాక చాలాచోట్ల వాటినే వాడారు. కానీ క్రోమ్ పసుపులో సీసం ఉంటుంది. లక్కపిడతలతో పిల్లలు ఆడుకుని ఊరుకోరు, వాటిని నోట్లో పెట్టుకుంటారు. సీసం ఎంత కొద్దిగా ఒంట్లోకి పోయినా ఎదిగే మెదడుకు హానే. ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు గారు దశాబ్దాల పాటు మొక్కల నుంచి వచ్చే రంగులను లక్కలో కలిపే పద్ధతులను వెతికి, నిలబెట్టి, చుట్టూ ఉన్న పనివాళ్లకు నేర్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, కనుక్కున్నదాన్ని పదిమందికి పంచడం.

మొక్కల రంగును లక్కలో కలపడం కనిపించినంత సులువు కాదు. చెట్ల రంగుల్లో చాలా భాగం నీళ్లలో కరిగేవి, లక్క నీళ్లతో కలవదు. కాబట్టి రంగును పొడిగానో, లోహ లవణంతో కట్టిపడేసిన ముద్దగానో మార్చి లక్కలో పిసకాలి. పసుపు కొమ్ములోని కర్క్యుమిన్ మంచి పసుపునిస్తుంది కానీ ఎండలో తేలిపోతుంది. జాఫ్రా గింజ నారింజ ఇస్తుంది. నీలి నిలకడ గల రంగు. పసుపు, నీలి కలిపితే వచ్చే ఆకుపచ్చ బొమ్మను కిటికీలో ఏళ్ల తరబడి ఉంచితే నీలం వైపు తిరుగుతుంది, ఎందుకంటే పసుపు ముందు వెళ్లిపోతుంది. కొనుక్కున్న బొమ్మను ఎండ తగలని అలమారలో పెట్టుకోండి.

కర్ర తీయడం కూలికి చేసే పనిగానే కాక సరదాగా కూడా చాలా కాలం నడిచింది. రష్యా చక్రవర్తి మహా పీటర్ తన రాజభవనంలో యంత్రాలు పెట్టుకుని దంతం తీసేవాడు, ఆంద్రే నార్తోవ్ అనే నిపుణుడు ఆయన పక్కన ఉండేవాడు. ఈ విద్య మీద 1701లో ఫ్రాన్సులో పెద్ద గ్రంథం అచ్చువేసినవాడు చార్లెస్ ప్లూమియే అనే సన్యాసి. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు కూడా. మన గుడి ఆవరణల్లోని దేవగన్నేరుకు ప్లూమేరియా అన్న శాస్త్రనామం ఆయన గౌరవార్థమే వచ్చింది. దేవగన్నేరు, అంకుడు ఒకే కుటుంబం. తరిమెన మీద గ్రంథం రాసినవాడి పేరు తరిమెన కర్రకు చుట్టమైన చెట్టుకు దక్కింది.

ఆ సరదా సామాన్యుల చేతికి వచ్చి సంఘాలుగా ఎదిగింది ఇరవయ్యో శతాబ్దం చివర్లో. అమెరికాలో 1986లో, బ్రిటన్‌లో 1987లో కర్ర తీసేవాళ్ల జాతీయ సంఘాలు పుట్టాయి. అమెరికా సంఘానికి ఇప్పుడు మూడు వందలకు పైగా స్థానిక శాఖలున్నాయి. వాటి సమావేశాల్లో సభ్యులు తాము తీసిన వస్తువులు తెచ్చి బల్ల మీద పెడతారు. ఏ కర్ర, ఎంత ఆరింది, ఎక్కడ చిరిగింది, ఏం పూశారు అని మిగతావాళ్లు అడుగుతారు. తర్వాత ఒకరు యంత్రం ముందు నిలబడి చేసి చూపిస్తారు. చూసేవాళ్లకు పొట్టు చుట్టలు తిరగడం కనిపిస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. ఇంగ్లండులో డిజైన్ బోధిస్తూ స్వయంగా కర్ర తీసిన డేవిడ్ పై 1968 నాటి పుస్తకంలో పనితనాన్ని రెండుగా విడదీశాడు: ఫలితం యంత్రంలో ముందే నిశ్చయమై ఉండే పని, చివరి క్షణం దాకా చేతి మీద ఆధారపడే పని. రెండో రకాన్ని మాటలతో నేర్పడం కష్టం. పక్కన నిలబడి చూడాలి.

తునికి అలాంటి సంఘం ఎందుకు ఉండకూడదు? ఏటికొప్పాకలో తరతరాల గురువులున్నారు. తునిలో మామిడి ఉంది. మామిడికి పేరుపడ్డ ఈ ప్రాంతంలో ముసలిదై కాపు తగ్గిన చెట్లను కొట్టినప్పుడు ఆ కర్ర చాలావరకు పొయ్యిలోకే పోతుంది. కానీ మామిడి ఉలికి మెత్తగా లొంగుతుంది. తేమలో కొన్నాళ్లు ఉంచితే బూజుజాతి జీవులు చేరి దానిమీద నల్లని గీతలు, నీలి మచ్చలు వేస్తాయి. హవాయి దీవుల్లో ఆ మచ్చలున్న మామిడి గిన్నెలను ఏరికోరి కొంటారు. నేర్చుకునేవాళ్లు మామిడి మీద చేయి తిప్పితే అంకుడు మీద భారం తగ్గుతుంది. అంకుడును మొదలంటా పెకిలించకుండా నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి, దాన్ని పొలం గట్ల మీద నాటుకుని కొమ్మలు కోసుకునే పద్ధతి అలవాటైతే అడవి మీద ఆధారపడే అవసరమూ తగ్గుతుంది.

అలాంటి సంఘానికో, తుని బడిలో సైన్సు టీచరుకో మొదటి ప్రదర్శనగా నేను సూచించేది ఖర్చు లేనిది. పచ్చి కొమ్మ నుంచి ఒక గుండ్రటి బిళ్ల తీయించండి. పెన్సిలుతో దాని మీద రెండు వ్యాసాలు గీయండి: ఒకటి వలయాలకు అడ్డంగా, ఒకటి వలయాల వెంట. బిళ్లను గుండె భాగానికి పక్కగా కోయించడం మరవద్దు, లేకపోతే చీలుతుంది. నీడలో పెట్టి వారానికోసారి వర్నియర్ కాలిపర్‌తో రెండు కొలతలూ, త్రాసుతో బరువూ రాయించండి. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది, వ్యాసాలు కదలవు. తర్వాత వ్యాసాలు రెండూ తగ్గడం మొదలై, వలయాల వెంట ఉన్నది రెండోదానికంటే ఎక్కువ తగ్గుతుంది. కొన్ని వారాల పాటు బరువూ కొలతలూ మారకుండా నిలిస్తే ఆ కర్ర తుని గాలితో సర్దుకున్నట్టు. భరిణెకు మూత తీయడం అప్పుడు మొదలుపెట్టవచ్చు.